ఖరక్ సింగ్ తీర్పులో కనిపించే ఆ జస్టిస్ ఫీల్డ్ ఎవరు?

ప్రశ్న అడిగినవారు లా విద్యార్థి. ప్రాణ, స్వేచ్ఛల హక్కునిచ్చే ఆర్టికల్ 21 కోసం, పోలీసు నిఘా మీద మన సుప్రీంకోర్టు ఇచ్చిన ఖరక్ సింగ్ తీర్పు చదువుతుంటే "ప్రాణం అంటే జంతువులా ఊపిరి తీయడం ఒక్కటే కాదు" అనే భావం ఒక అమెరికన్ జడ్జి మాటగా కనిపించిందట. ఎవరీ జస్టిస్ ఫీల్డ్ అని వెతికితే బంగారు గనుల ఊళ్లో జడ్జి, కోటు జేబులో పిస్టల్, శాసనసభ సభ్యత్వం, ప్రెసిడెంట్ పదవికి ప్రయత్నం, అన్నీ ఒకే మనిషి ఖాతాలో ఉన్నాయట. "ఇదంతా నిజమేనా? ఒకే మనిషి లాయరు, జడ్జి, రాజకీయ నాయకుడు ఎలా అయ్యాడు? అలాంటివాణ్ని మన కోర్టులు ఎందుకు కోట్ చేస్తాయి?" అని అడిగారు.

నిజమే. అంతా ఒక్క మనిషే, స్టీఫెన్ జాన్సన్ ఫీల్డ్. అయితే పిస్టల్ గురించి అందరూ చెబుతారు గానీ అతన్ని పైకి తెచ్చింది దస్తావేజులు, ప్రొసీజర్ చట్టాలు. చట్టం ఇంకా సరిగా అడుగుపెట్టని చోట చట్టం రాయడం వచ్చినవాడు అతను. మీ మూడో ప్రశ్నకి జవాబు మీకు కాస్త ఇబ్బందిగా ఉండొచ్చు. మనం పేదవాడి బతుకు కోసం వాడే ఆ మాటని ఫీల్డ్ షికాగో ధాన్యం గోదాముల యజమానుల తరఫున నిలబడిన తీర్పులో రాశాడు. అదీ మైనారిటీ తీర్పు, అంటే మెజారిటీ జడ్జిలతో విభేదిస్తూ రాసింది.

నేను హైకోర్టులో రిట్లు వేసే లాయర్ని. రౌడీ షీట్ కేసులు మా ఆఫీసుకి ఎక్కువే వస్తాయి. వాటిలో ఖరక్ సింగ్ లేకుండా అఫిడవిట్ రాయం కాబట్టి ఫీల్డ్ పేరు ప్రతిసారీ టైప్ చేయాల్సి వచ్చేది. ఆ కుతూహలంతో అతని గురించి చదవడం మొదలుపెట్టాను, ఇప్పటికీ వదల్లేదు.

మొదట ఒక అపోహ. పాతకాలపు అమెరికా పశ్చిమ ప్రాంతపు జడ్జి అనగానే టెక్సస్‌లో సారాకొట్టులోనే కోర్టు పెట్టిన రాయ్ బీన్ లాంటివాళ్లు గుర్తొస్తారు. అతను లా చదివినవాడు కాదు. ఫీల్డ్ ఆ బాపతు కాదు. 1816లో కనెక్టికట్ రాష్ట్రం హాడమ్‌లో ఒక పాస్టర్ ఇంట్లో పుట్టాడు. అన్న డేవిడ్ డడ్లీ ఫీల్డ్ న్యూయార్క్‌లో పేరుమోసిన లాయర్. 1848 నాటి న్యూయార్క్ సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆయన ముందుండి తయారుచేయించిందే. తమ్ముడు సైరస్ అట్లాంటిక్ సముద్రం అడుగున టెలిగ్రాఫ్ కేబుల్ వేయించినవాడు. స్టీఫెన్ 1837లో విలియమ్స్ కాలేజీ నుంచి బయటికొచ్చి, అన్న ఆఫీసులో పని నేర్చుకుని, 1841లో లాయరయ్యాడు. తర్వాత అన్నతోనే కలిసి ప్రాక్టీస్ చేశాడు. కాబట్టి బంగారం కబురు విని కాలిఫోర్నియా బయల్దేరేనాటికి అతను 33 ఏళ్ల, పని పూర్తిగా తెలిసిన న్యూయార్క్ లాయర్. పైగా అన్న కోడ్ అతనికి కరతలామలకం. తర్వాత జరిగినదానికి ఇదే పెట్టుబడి.

1849 డిసెంబర్ 28న శాన్ ఫ్రాన్సిస్కోలో ఓడ దిగాడు. జేబులో 10 డాలర్లు. పెట్టెలు మోసినందుకే 7 పోయాయి. ఊళ్లో వెతికి వెతికి చవకగా టిఫిన్ చేస్తే 2 డాలర్లు. మిగిలింది ఒక్క డాలర్. ఆ ఊళ్లో తూర్పు రాష్ట్రాల పాత పేపర్లకి గిరాకీ ఉందని తెలిసి, వెంట తెచ్చుకున్న న్యూయార్క్ పేపర్లని తోటి ప్రయాణికుడితో ఒక్కోటి డాలర్‌కి సగం వాటా మీద అమ్మించాడు. అతని వాటాకి 32 డాలర్లు వచ్చాయి. ఆ తర్వాత న్యూయార్క్ నాటి పాత ప్రామిసరీ నోటు ఒకటి పట్టుకెళ్లి, రాసిచ్చిన పెద్దమనిషిని వెతికి, బాకీ వసూలు చేసుకున్నాడు. సముద్రాలు దాటి బంగారం కోసం పోతూ ప్రోనోటు వెంట పెట్టుకెళ్లడం చూస్తే లాయర్లకి నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది.

ఒక హెచ్చరిక ఇక్కడే. ఇలాంటి వివరాలు చాలావరకు ఫీల్డ్ తనే 1877లో స్నేహితుల కోసం చెప్పి రాయించిన జ్ఞాపకాల్లోవి. అప్పటికి అతను సుప్రీంకోర్టు జడ్జి, పెద్ద పదవి మీద కన్నున్నవాడు. అతనితో గొడవపడ్డవాళ్ల వాదన ఇందులో సరిగా రాదు. తేదీలు, తీర్పులు, చట్టాలు రికార్డులో ఉన్నాయి, వాటిని నమ్మండి. "నేను అలా అన్నాను, వాడు తెల్లబోయాడు" తరహా మాటల్ని మాత్రం కొంచెం తగ్గించుకుని నమ్మండి.

శాన్ ఫ్రాన్సిస్కోలో చిన్న గదికే నెలకి 300 డాలర్ల అద్దె. కేసులు లేవు. జనవరి 1850లో స్టీమర్ ఎక్కి నదుల వెంట పైకి పోయి, యూబా, ఫెదర్ నదులు కలిసే చోట దిగాడు. గుడారాలు, ఒకటీ అరా మట్టి ఇళ్లు, వందల జనం. భూమి యజమానులు ప్లాన్ గీసి ప్లాట్లు అమ్ముతున్నారు. ఫీల్డ్ ప్లాన్ చూసి ఒక్కోటి 250 డాలర్ల చొప్పున 65 ప్లాట్లు తన పేర రాయమన్నాడు. మొత్తం 16,250 డాలర్లు. చేతిలో అందులో వందో వంతు కూడా లేదు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి పెద్ద పెట్టుబడిదారు దిగాడని ఊరంతా పొక్కింది.

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. ఆ భూమి జాన్ సట్టర్ అనే పెద్ద భూస్వామి నుంచి వచ్చింది, కానీ కొన్నవాళ్ల దగ్గర పక్కా దస్తావేజు లేదు. ఫీల్డ్ కూర్చుని రాసిపెట్టాడు. దస్తావేజుకి అధికారి ముందు ఒప్పుకోలు కావాలి, ఎక్కడో ఒకచోట రికార్డు కావాలి. దగ్గర్లో అధికారి లేడు. అలాగైతే మనమే ఒకణ్ని ఎన్నుకుందాం అనుకున్నారు. జనవరి 18న ఎన్నిక పెట్టారు. ప్రత్యర్థి మనుషులు "ఫీల్డ్ ఊరికి కొత్తవాడు, వచ్చి మూడు రోజులే" అని ప్రచారం చేశారు. వాళ్ల అభ్యర్థి వచ్చి ఆరు రోజులైంది! ఫీల్డ్ తొమ్మిది ఓట్ల తేడాతో గెలిచాడు. అదే సాయంత్రం ఊరికి మేరీస్‌విల్ అని పేరు పెట్టారు.

పదవి పేరు అల్కాల్డే. మెక్సికో పాలన నాటిది. మన లెక్కలో మునసబు, మెజిస్ట్రేట్, సబ్ రిజిస్ట్రార్ ముగ్గురూ ఒక్కడే అనుకోండి. పాత లేఔట్ల సివిల్ కేసులు చేసిన ఏ లాయర్‌కైనా ఈ ఘట్టం బాగా అర్థమవుతుంది. అగ్రిమెంట్ల మీదే చేతులు మారిన స్థలాలు ఎన్ని తరాల పాటు కొంపలు కూలుస్తాయో మేం చూస్తూనే ఉంటాం. ఆ ఊరికి కోర్టు వచ్చింది హంతకుణ్ని శిక్షించడానికి కాదు, ఒక సేల్ డీడ్ రిజిస్టర్ కావడానికి.

అతని కోర్టు ఎలా నడిచేదో ఒక్క ఉదాహరణ. నడివీధిలో ఇద్దరు ఒక గుర్రం నాదంటే నాదని కొట్లాడుకుంటున్నారు. ఫీల్డ్ ఆపి, నా తీర్పుకి కట్టుబడతారా అన్నాడు. సరేనన్నారు. అక్కడే ప్రమాణం చేయించి, ఇద్దరి మాటా విని, గుర్రం ఒకరిదని తేల్చాడు. ఫీజు ఒక ఔన్సు బంగారం, అంటే సుమారు 16 డాలర్లు. ఓడినవాడికి గుర్రం మీద మనసు పోలేదు, గెలిచినవాడి దగ్గర కొనుక్కుంటానన్నాడు. ఆ అమ్మకం కాగితం కూడా ఫీల్డే రాశాడు. మరో ఔన్సు!

అన్నీ ఇలా సరదాగా లేవు. జైలు లేదు, ఖైదీని శాన్ ఫ్రాన్సిస్కో పంపే డబ్బూ లేదు. బంగారం దొంగిలించిన ఒకడికి జ్యూరీ నేరం ఖరారు చేస్తే ఫీల్డ్ బహిరంగంగా కొరడా దెబ్బలు వేయించాడు. దెబ్బలు శ్రుతి మించకుండా డాక్టర్‌ని పక్కన ఉంచానని, ఆ శిక్ష వేయకపోతే జనమే వాణ్ని ఉరితీసేవారని రాసుకున్నాడు. ఆ సంజాయిషీని ఒప్పుకోవాలో లేదో మీరే ఆలోచించుకోండి. కానీ ఆ రోజుల్లో గనుల ఊళ్లలో మూకలు ఉరితీయడం మాత్రం కల్పన కాదు.

కొత్త రాష్ట్రపు కోర్టులు రాగానే, మే 1850 నాటికి, అల్కాల్డే పని అయిపోయింది. జిల్లా జడ్జిగా టెక్సస్ నుంచి వచ్చిన విలియం టర్నర్ కూర్చున్నాడు. జూన్ 7న ఫీల్డ్ ఒక కేసులో అప్పీల్ మాట ఎత్తి, ప్రాక్టీస్ చట్టంలో సెక్షన్ చూపించబోయాడు. టర్నర్ జరిమానా వేశాడు, ఫీల్డ్ మళ్లీ నోరెత్తితే పెంచాడు. 200తో మొదలై 500 డాలర్ల దాకా పోయి, పైన 48 గంటల జైలు. అక్రమ నిర్బంధం నుంచి విడిపించే హేబియస్ కార్పస్ మీద కౌంటీ జడ్జి విడుదల చేస్తే టర్నర్ ఆ జడ్జికీ జరిమానా వేశాడు! ఫీల్డ్‌నీ, ఇంకో ఇద్దరు లాయర్లనీ బార్ నుంచి తీసేశాడు. రాష్ట్ర సుప్రీంకోర్టు వెనక్కి చేర్చుకోమని ఆదేశించాల్సి వచ్చింది. టర్నర్ బెదిరింపులు విన్నాక ఫీల్డ్ పిస్టళ్లు కొని, జేబులో నుంచే కాల్చే వీలుండేలా కోటు కుట్టించుకున్నాడు. మీరు చదివిన పిస్టల్ కథ అదే. ఆ పిస్టల్‌తో ఎవర్నీ చంపలేదు.

జడ్జి మీద కోపంతో శాసనసభకి పోటీ చేసి గెలిచాడు. 1851 సభే అతని కెరీర్‌లో అసలు మలుపు. సెషన్ శాన్ హోజేలో జరిగింది, అతను జ్యుడిషియరీ కమిటీలో ఉన్నాడు. అన్న కోడ్‌ని తీసుకుని, వందల సెక్షన్లు కాలిఫోర్నియా పరిస్థితికి తగ్గట్టు మార్చి, సివిల్ ప్రాక్టీస్ చట్టం, అంటే సివిల్ కోర్టు కేసులు నడిపే పద్ధతి చట్టం రాశాడు. క్రిమినల్ ప్రాక్టీస్ చట్టం కూడా. అప్పుకి జప్తు వస్తే గని కార్మికుడి పనిముట్లు, సర్జన్ పరికరాలు, లాయర్ పుస్తకాలు ముట్టుకోకూడదని పెట్టించాడు. ఇవాళ మన సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60లో చేతిపని వాళ్ల పనిముట్లకి ఉన్న రక్షణ మీకు గుర్తు రావాలి.

అందులో ఒక సెక్షన్‌ని మాత్రం విడిగా చెప్పాలి. గని హక్కు తగాదాల్లో ఆ గనుల ప్రాంతంలో అమల్లో ఉన్న ఆచారాలు, కట్టుబాట్లని సాక్ష్యంగా తీసుకోవాలి, చట్టానికి విరుద్ధం కానంతవరకు తీర్పు వాటి ప్రకారమే ఉండాలి అని. కొండల్లో గని కార్మికులు మీటింగ్ పెట్టుకుని, ఒక్కొక్కడికి ఎంత నేల, ఎన్ని రోజులు పని ఆపితే హక్కు పోతుంది, నీళ్లు ముందు ఎవరికి అని తీర్మానాలు చేసుకునేవారు. ప్రభుత్వ భూమిలో వాళ్లు ఒకరకంగా ఆక్రమణదారులే, అయినా వాళ్ల రూల్స్‌కి కోర్టులో విలువ వచ్చింది. ఇదే పద్ధతి 1866, 1872 ఫెడరల్ గనుల చట్టాల్లోకి ఎక్కింది. న్యూయార్క్ కోడ్ తెలిసిన లాయర్, గుడారాల మధ్య కోర్టు నడిపిన అల్కాల్డే, ఓట్లడిగిన నాయకుడు, ముగ్గురూ ఒక్కడైతే తప్ప ఆ సెక్షన్ రాయడం కష్టం. మీ రెండో ప్రశ్నకి నా జవాబు ఇదే. అతనొక్కడే అని కూడా కాదు. పీటర్ బర్నెట్ ఆరెగాన్‌లో జడ్జి, కాలిఫోర్నియా గవర్నర్, మళ్లీ కాలిఫోర్నియా సుప్రీంకోర్టు జడ్జి. స్టీఫెన్ డగ్లస్ ఇలినాయ్‌లో ముప్పై నిండకముందే జడ్జి, ఆనక సెనేటర్. చదువుకున్న మనుషులు తక్కువ, పదవులు ఎక్కువ.

టర్నర్‌ని అభిశంసించాలన్న ఫీల్డ్ ప్రయత్నం నెగ్గలేదు గానీ జిల్లాల సరిహద్దులు మార్చే చట్టంతో అతన్ని ట్రినిటీ, క్లామత్ అనే మారుమూల కొండ జిల్లాలకి పంపించేశాడు. నచ్చని ఆఫీసర్‌ని శంకరగిరి మాన్యాలు పట్టించడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. ఆ సభలోనే ఒక సభ్యుడితో మాటా మాటా పెరిగి ద్వంద్వ యుద్ధం దాకా పోతే డేవిడ్ బ్రాడరిక్ అనే నాయకుడు ఫీల్డ్ పక్షాన నిలబడ్డాడు. అవతలివాడు క్షమాపణ చెప్పడంతో తప్పింది. రాష్ట్ర సెనేట్ టికెట్ మాత్రం రెండు ఓట్లతో పోయింది. ఊరికి తిరిగొచ్చి ఆరేళ్లు ప్రాక్టీస్ చేసుకున్నాడు.

1857లో రాష్ట్ర సుప్రీంకోర్టుకి ఎన్నికయ్యాడు. అక్కడ జడ్జిలని జనమే ఎన్నుకునేవారు. చీఫ్ జస్టిస్ డేవిడ్ టెర్రీ. 1859 సెప్టెంబర్‌లో టెర్రీ పదవి వదిలి, ద్వంద్వ యుద్ధంలో బ్రాడరిక్‌ని కాల్చి చంపాడు. అవును, ఇందాక చెప్పిన బ్రాడరిక్కే, అప్పటికి అమెరికా సెనేటర్. ఆ ఖాళీలో ఫీల్డ్ చీఫ్ జస్టిస్ అయ్యాడు. అదే ఏడాది ఫ్రీమాంట్ గనుల కేసులో, ప్రైవేటు పట్టా భూమిలోకి గని కార్మికుడు చొరబడి బంగారం తవ్వడానికి లేదు అని తేల్చాడు. ఎనిమిదేళ్ల కింద గని కార్మికుల ఆచారాలకి చట్టంలో చోటిచ్చినవాడే ఇతను. ఎవరి పక్షం అని అడిగితే కాగితం పక్షం. ప్రభుత్వ భూమి మీద కాగితం లేదు కాబట్టి ఆచారం, పట్టా ఉంటే పట్టా.

1863లో లింకన్ ఇతన్ని సుప్రీంకోర్టుకి తీసుకున్నాడు. ఫీల్డ్ డెమొక్రాట్, లింకన్ రిపబ్లికన్, బయట అంతర్యుద్ధం నడుస్తోంది. అయినా ఎందుకు? కాలిఫోర్నియా, ఆరెగాన్‌ల కోసం పదో సీటు కొత్తగా సృష్టించారు. మెక్సికో కాలపు భూదానాల కేసులు కుప్పలుగా ఉన్నాయి, వాటిలో ఇతనంత తెలిసినవాడు తక్కువ. దేశం విడిపోకూడదన్న యూనియన్ పక్షాన గట్టిగా ఉన్నాడు. గవర్నర్ స్టాన్‌ఫర్డ్ మద్దతుంది. అన్న డేవిడ్ డడ్లీ రిపబ్లికన్ వర్గాల్లో పలుకుబడి ఉన్నవాడు. ప్రతిభ, పరిచయం, పరిస్థితి మూడూ కలిశాయి. మే 20న ప్రమాణం చేశాడు. అది తండ్రి పుట్టినరోజు కాబట్టి ఆ తేదీ ఎంచుకున్నాడు.

అక్కడ 1897 దాకా, 34 ఏళ్లకి పైగా కూర్చున్నాడు. అన్ని తీర్పులూ చెప్పను. టర్నర్ దెబ్బ ఎక్కడ కనిపిస్తుందో చూడండి. 1867లో, అంతర్యుద్ధంలో తిరుగుబాటు పక్షాన ఉన్న లాయర్ని, ఆ పక్షాన లేనని ప్రమాణం చేయాలన్న షరతుతో ప్రాక్టీస్ చేయకుండా ఆపలేరు అన్న గార్లండ్ తీర్పు ఇతనిది. నోటీసు లేకుండా, ధిక్కారం పేరుతో లాయర్ పేరు కొట్టేయడం చెల్లదన్న రాబిన్సన్ తీర్పూ ఇతనిదే. కానీ 1872లో బ్రాడ్లీ వర్సెస్ ఫిషర్‌లో, తనని అన్యాయంగా తీసేశాడని లాయర్ జడ్జి మీద నష్టపరిహారం దావా వేస్తే, వాదన వినకుండా తీసేయడం తప్పే, అయినా కోర్టు పనిలో చేసినదానికి జడ్జి మీద దావా కుదరదు అన్నాడు. తను అనుభవించిన మనిషి ఆ మాట అనడం మామూలు విషయం కాదు. నాకు ఫీల్డ్ మీద గౌరవం కలిగిన చోట్లలో అదొకటి.

ఇక మీరడిగిన మాట. ఇలినాయ్ రాష్ట్రం ధాన్యం గోదాముల అద్దెకి గరిష్ఠ రేటు పెట్టింది. రైతులు ఒత్తిడి తెచ్చి సాధించుకున్న చట్టం. గోదాముల వాళ్లు కోర్టుకెక్కారు. 1877లో మన్ వర్సెస్ ఇలినాయ్‌లో మెజారిటీ రాష్ట్రం పక్షాన తీర్పిచ్చింది, ఫీల్డ్ ఒప్పుకోలేదు. అతని తర్కం ఇది. రాజ్యాంగంలో ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి పక్కపక్కన ఉన్నాయి. ప్రాణం అంటే ఊపిరి ఒక్కటే కాదు. చెయ్యో కాలో నరికేసినా, కన్ను పొడిచేసినా, ఆత్మ బయటి ప్రపంచంతో మాట్లాడే ఏ అవయవాన్ని పాడుచేసినా అది ప్రాణానికి భంగమే. అలాగే ఆస్తి అంటే కాగితం మీద పేరు, చేతిలో తాళం మాత్రమే కాదు, దాని మీద వచ్చే ఆదాయం కూడా. కాబట్టి అద్దె మీద రేటు పెడితే ఆస్తిని లాక్కున్నట్టే. ప్రాణం గురించిన ఆ గొప్ప వాక్యం అక్కడ ఆస్తి వాదనకి నిచ్చెన మెట్టు. మేరీస్‌విల్‌లో ప్లాట్లు రాయించుకున్న మనిషే మాట్లాడుతున్నాడు.

మన సుప్రీంకోర్టు ఆ మెట్టుని మాత్రం విడదీసి తీసుకుంది. ఖరక్ సింగ్ మీద 1941లో దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు హిస్టరీ షీట్, అంటే నిఘా పెట్టాల్సిన మనిషి రికార్డు, తెరిచి అర్ధరాత్రి తలుపు తట్టేవారు. 1962 డిసెంబర్ తీర్పులో మెజారిటీ ఫీల్డ్ మాట ఉటంకించి, రాత్రిపూట ఇంటికొచ్చే క్లాజు కొట్టేసింది. మన కోకా సుబ్బారావు గారు జస్టిస్ షాతో కలిసి ఇంకో అడుగు ముందుకేసి, ఆ నిఘా రెగ్యులేషన్ మొత్తం చెల్లదన్నారు. 1981లో ఫ్రాన్సిస్ కోరలీ తీర్పు ఇదే మాట మీద నిలబడి గౌరవంగా బతకడం దాకా తెచ్చింది. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో ఫుట్‌పాత్ మీద బతికేవాళ్ల జీవనోపాధి దాకా వచ్చింది.

మా రిట్లలో అది ఎలా పనిచేస్తుందో చెబుతాను. ఒక క్లయింట్, కేసు కొట్టేసి చాలా ఏళ్లయింది, షీట్ మాత్రం మూయలేదు. పండక్కి స్టేషన్‌లో కూర్చోబెట్టడం, రాత్రి కానిస్టేబుల్ వచ్చి వీధిలో నుంచి పేరు పెట్టి పిలవడం. కూతురికి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ పిలుపు విని మళ్లీ రాలేదు. చేతులూ కాళ్లూ బాగానే ఉన్నాయి, ఇందులో ప్రాణానికి భంగం ఎక్కడుంది అని ప్రభుత్వ లాయర్ వాదన. ఫీల్డ్ రాసిన "బయటి ప్రపంచం" అన్న మాట అక్కడే అక్కరకొచ్చింది.

ఇంత చెప్పాక ఒక మాట అనకుండా ఉండలేను. ఫీల్డ్‌ని హక్కుల వీరుడిగా భుజానికెత్తుకోవద్దు. 1879లో శాన్ ఫ్రాన్సిస్కో జైల్లో చైనా ఖైదీ జడ కత్తిరించిన కేసు వచ్చింది. రూలు అందరికీ ఒకటే అని రాసి ఉన్నా, ఎవర్ని ఉద్దేశించిందో లోకానికి తెలుసు, జడ్జి కుర్చీలో కూర్చున్నంత మాత్రాన మాకు కళ్లు పోవు అన్న అర్థంలో రాసి ఆ రూలు కొట్టేశాడు. అద్భుతమైన తీర్పు. దానికి కాలిఫోర్నియాలో ఓట్ల రూపంలో మూల్యం కూడా చెల్లించాడు. అదే మనిషి 1889లో, తిరిగొస్తానని సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిన చైనా కార్మికుణ్ని రేవులోనే ఆపేయడం సబబే అని కోర్టు తరఫున తీర్పు రాశాడు. నల్లజాతివాళ్లని జ్యూరీల్లో కూర్చోనివ్వని చట్టాన్ని 1880లో కోర్టు కొట్టేస్తే వ్యతిరేకించాడు. 1896లో రైళ్లలో నల్లజాతివాళ్లకి వేరు పెట్టెలు పెట్టడం సబబే అన్న కేసులో మెజారిటీతో కలిశాడు. వృత్తి, ఆస్తి దగ్గర కనిపించే పదును మనుషుల సమానత్వం దగ్గరికి వచ్చేసరికి మొద్దుబారుతుంది. నాకు అతనంటే గౌరవం ఉంది, ఇష్టం మాత్రం లేదు.

టెర్రీ కథ మిగిలింది. ఇది సినిమాకి సరిపోతుంది, క్లుప్తంగా చెప్పేస్తాను. విలియం షారన్ అనే వెండి గనుల కోటీశ్వరుడికి తను భార్యనని సారా హిల్ అనే ఆవిడ కేసు వేసింది. ఫెడరల్ కోర్టు ఆ పెళ్లి కాగితం ఫోర్జరీ అంది. ఆవిడ లాయర్ టెర్రీ, 1886లో ఆవిణ్ని పెళ్లి చేసుకున్నాడు. 1888 సెప్టెంబర్ 3న ఫీల్డ్ ఆ కేసులోనే తీర్పు చదువుతుంటే ఆవిడ లేచి, ఎంతకి అమ్ముడుపోయావని అరిచింది. మార్షల్‌ని, అంటే కోర్టు భద్రత చూసే ఫెడరల్ అధికారిని, టెర్రీ కొట్టాడు, కత్తి తీశాడు. అతనికి ఆరు నెలలు, ఆవిడకి ముప్పై రోజులు జైలు. ఫీల్డ్‌ని వదలనని టెర్రీ అంటూ తిరగడంతో డేవిడ్ నీగల్ అనే డిప్యూటీ మార్షల్‌ని రక్షణకి పెట్టారు. 1889 ఆగస్ట్ 14న లాథ్రప్ స్టేషన్‌లో రైలు ఆగితే ఫీల్డ్ టిఫిన్ చేస్తున్నాడు. టెర్రీ వెనక నుంచి వచ్చి చెంపల మీద కొట్టాడు. నీగల్ కాల్చేశాడు, టెర్రీ అక్కడికక్కడే పోయాడు. రాష్ట్రం నీగల్ మీద హత్య కేసు పెడితే, ఫెడరల్ అధికారి డ్యూటీలో చేసిన పని మీద రాష్ట్రం విచారించడానికి వీల్లేదని 1890లో సుప్రీంకోర్టు తేల్చింది. ఫీల్డ్ ఆ బెంచ్‌లో కూర్చోలేదు. ఫెడరల్ అధికారాల చాప్టర్‌లో మీకు వచ్చే నీగల్ కేసు ఇదే.

ప్రెసిడెంట్ ప్రయత్నం సంగతి. 1880 డెమొక్రాట్ల సదస్సులో మొదటి రౌండ్‌లో 65 ఓట్లు వచ్చాయి, ఆ తర్వాత హాన్‌కాక్ గెలిచాడు. జడ్జి పదవి వదలకుండానే ఇదంతా. మన సుబ్బారావు గారు 1967లో ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడినప్పుడు ముందు చీఫ్ జస్టిస్ పదవికి రాజీనామా చేశారు. అయినా విమర్శలు తప్పలేదు. ఫీల్డ్ చేసినట్టు కుర్చీలో ఉండి పోటీ పడటం ఇవాళ ఊహకి కూడా అందదు.

చివరగా, లా విద్యార్థులు వాదన సాధన చేసే మూట్ కోర్టులో వాడేటప్పుడు ఒక జాగ్రత్త. మన్ వర్సెస్ ఇలినాయ్ సైటేషన్ 94 యూఎస్ 113, ఫీల్డ్ మాట 142వ పేజీలో. "ఇది మైనారిటీ తీర్పు కదా" అని అవతలివాళ్లు కచ్చితంగా అంటారు, జడ్జి కూడా అడగొచ్చు. అమెరికా కేసుని సమర్థించే పని పెట్టుకోకండి. ఖరక్ సింగ్‌లో మన మెజారిటీ దాన్ని సొంతం చేసుకున్న పేరా తెరిచి, అది చదవండి.